సర్ క్రీక్ హద్దు అసలు ఎక్కడుంది? గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరా

జాలారి_బాబు · ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది పెద జాలారిపేట. యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఏమీ రాయలేదు. ఒక సందేహం నిద్ర పట్టనివ్వక రాస్తున్నాను.

2018 నవంబరు చివర్లో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరవై మందికి పైగా గుజరాత్ బోట్లలో వేటకు వెళ్లి పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడ్డారు కదా. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర గేటు దాటి వచ్చారు. ఆ సీజన్‌లోనే మా చిన్నాన్న ఇంకో బోటులో కళాసీగా ఉన్నారు. ఇంట్లో ఆ ప్రస్తావన వస్తే మా నానమ్మ ఒకటే అంటుంది: "హద్దు దాటితే పట్టుకోరా మరి?" నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

కిందటి వారం సెమినార్ కోసం పటాలు ముందేసుకుని కూర్చున్నాను. నేల మీద హద్దు కచ్ రణ్‌లో, అంటే గుజరాత్ అంచున ఉన్న ఉప్పు బీడులో, ఒక చోటి దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి సముద్రంలోకి, రెండు దేశాలూ ఒప్పుకుని సంతకం చేసిన హద్దు ఒక్కటీ నాకు కనబడలేదు. మరి వాళ్లు దాటింది దేన్ని? నేను చదవడంలోనే పొరపాటు ఉందా?

బీచ్‌రోడ్డు · ఆదివారం, రాత్రి 9.20

పొరపాటు నీది కాదు తమ్ముడూ. హద్దు ఉందనుకున్న మా అందరిదీ. నేనూ కూర్చుంటున్నాను, పెద్దలు వస్తారు.

లంగరు · ఆదివారం, రాత్రి 10.05

బాబూ, మీరు సరిగ్గానే చదివారు. నేను నౌకాదళంలో సముద్రపు లోతులు కొలిచే విభాగంలో పనిచేసి విరమించాను. 2024 ఫిబ్రవరి 3న మన డాక్‌యార్డులో 'సంధాయక్' అనే కొత్త సర్వే నౌక దళంలో చేరింది. అదే పేరున్న పాత నౌక మీద నేను కొన్నేళ్లు ఉన్నాను. సర్ క్రీక్‌కు మాత్రం వెళ్లలేదు, కాబట్టి గొప్పలు చెప్పుకోను. పటాల సంగతి చెబుతాను.

పత్రికలు క్రీక్ అని రాస్తుంటే జనం అదేదో పెద్ద వింత అనుకుంటారు. మన మాటలో అది ఉప్పుటేరు. పోటుకు సముద్రం లోపలికి వస్తుంది, పాటుకు బురద తేలుతుంది. పొడవు సుమారు 96 కిలోమీటర్లు. పాత పేరు బాన్ గంగ. తూర్పున మన గుజరాత్, పడమర వాళ్ల సింధ్. ఊరు లేదు, పంట లేదు, తాగడానికి నీళ్లు లేవు. మడ చెట్లు, బురద, పాములు.

తగాదా మొదలైంది కూడా దేశాల మధ్య కాదు. 1907-08 ప్రాంతంలో కచ్ సంస్థానం మనుషులు అక్కడ కట్టెలు కొట్టుకుంటుంటే సింధ్ అధికారులు అడ్డు చెప్పారు. అప్పుడు సింధ్ బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. కచ్ పాలకుడు (ఆయన్ను రావు అనేవారు) తన హద్దు ఇంకా పడమటనున్న పీర్ సానీ పాయ దాకా ఉందన్నాడు. సింధ్ వాళ్లు తమది తూర్పున కోరీ పాయ దాకా అన్నారు. రెంటికీ మధ్యలో ఉన్న సర్ క్రీక్ దగ్గర రాజీ కుదిరింది. 1914లో బొంబాయి ప్రభుత్వం దాన్ని తీర్మానంగా రాసి, బి-44 అనే పటం జతచేసింది.

చిక్కు ఆ కాగితంలోనే ఉంది. తొమ్మిదో పేరా ప్రకారం హద్దు క్రీక్ మొగ నుంచి తల దాకా పటంలోని ఆకుపచ్చ గీత. ఆ గీత చూస్తే తూర్పు గట్టు వెంబడి ఉంది. పదో పేరా మాత్రం ఈ క్రీక్ అప్పుడప్పుడూ దారి మార్చుకుంటుందని, హద్దు పడవలు తిరిగే పాయ నడిమధ్యన అని చెప్పుకోవాలని అంటుంది. పాకిస్తాన్ తొమ్మిదో పేరా పట్టుకుంది, అంటే క్రీక్ మొత్తం వాళ్లదే. మనం పదోది పట్టుకున్నాం, అంటే చెరి సగం. ఒక గుమస్తా రెండు పేరాలు సరిచూసుకోకుండా రాసినందుకు నూరేళ్లు దాటి ఈ గొడవ.

కైలాసగిరి · ఆదివారం, రాత్రి 10.31

ఇందులో ఇంత చర్చ దేనికి? మన పక్షం న్యాయమైనది, వాళ్లది మొండితనం. 2025 విజయదశమి నాడు భుజ్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ చెప్పనే చెప్పారు, కరాచీకి ఒక దారి ఆ క్రీక్ మీదుగానే ఉందని. అంతటితో అయిపోయింది. 1947 నుంచీ వాళ్ల బుద్ధి అదే. కాశ్మీర్ సంగతి కూడా...

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 10.40

కైలాసగిరి గారూ, కాశ్మీర్‌కు వేరే చర్చ నడుస్తోంది. మీ సందేశంలో మిగిలిన భాగాన్ని అక్కడికి మార్చాను. ఇక్కడ అడిగిన ప్రశ్న ఒక్కటే, హద్దు ఎక్కడుంది అని.

సోషల్_టీచరమ్మ · సోమవారం, ఉదయం 6.48

లంగరు గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. గుమస్తా మీద మాత్రం జాలి కలిగింది. దారి మార్చుకునే ఏటికి ఎవరు మాత్రం గీత గీయగలరు?

పిల్లలకు భూగోళం చెబుతాను కాబట్టి ఒక మాట కలుపుతాను. 1819 జూన్ 16న కచ్‌లో వచ్చిన భూకంపానికి ఒక చోట నేల కుంగి సింద్రీ కోట నీళ్ల పాలైంది. ఇంకో చోట నేల పైకి లేచి పొడవాటి గట్టు కట్టింది. మనుషులు కట్టింది కాదు కాబట్టి దాన్ని అల్లా బంద్ అన్నారు. సింధు నది తూర్పు పాయ నీళ్లు అటు రావడం మారిపోయింది. కోరీ పాయ ఒకప్పటి నది మొగ. ఇప్పుడు అందులో ఉన్నది సముద్రపు నీరే. అక్కడ నేలే నిలకడగా ఉండదు.

నా సందేహం: 1965లో కచ్ రణ్‌లో పోరు జరిగాక అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చిందని పాఠంలో చదివాను. సర్ క్రీక్‌లో సగం మనకు వచ్చింది అప్పుడే కదా?

నల్లకోటు · సోమవారం, ఉదయం 8.15

కాదు మేడమ్. ఈ పొరపాటు చాలా మంది చేస్తారు. కోర్టుకు వెళ్లే ముందు కాస్త తీరిక దొరికింది, వివరంగా రాస్తాను.

దేశ విభజన వేళ రాడ్‌క్లిఫ్ గీసింది పంజాబ్, బెంగాల్ హద్దులు. కచ్ సంస్థానం భారత్‌లో చేరింది, సింధ్ పాకిస్తాన్‌కు వెళ్లింది. వాటి మధ్య హద్దును 1947లో ఎవరూ కొత్తగా గీయలేదు. పాతది ఉంది కదా అనుకున్నారు. 1948 కల్లా పాకిస్తాన్ రణ్ మీద పేచీ పెట్టింది. రణ్ ఒక సముద్రంలాంటిది కాబట్టి హద్దు దాని నడిమధ్యన, దాదాపు 24వ అక్షాంశం మీదుగా ఉండాలన్నది వాళ్ల వాదన. అడిగింది సుమారు 9,100 చదరపు కిలోమీటర్లు.

1965 ఏప్రిల్ 9న రణ్‌లోని మన సర్దార్ పోస్టు మీద పాకిస్తాన్ సైన్యం దాడి చేసింది. అక్కడ నిలబడింది సైన్యం కాదు, సీఆర్‌పీఎఫ్ జవాన్లు. ఆ రోజును ఆ దళం నేటికీ శౌర్య దినంగా జరుపుకుంటుంది. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మధ్యవర్తిత్వంతో జూన్ 30న కాల్పుల విరమణ, దాని కిందనే ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్. అధ్యక్షుడు స్వీడన్‌కు చెందిన గున్నార్ లాగర్‌గ్రెన్. మన తరఫున యుగోస్లావియా నుంచి అలెష్ బెబ్లర్, వాళ్ల తరఫున ఇరాన్ నుంచి నస్రొల్లా ఎంతెజామ్. 1968 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. పాకిస్తాన్ అడిగినదాంట్లో పదోవంతు వాళ్లకు, మిగిలింది మనకు. ఆ పదోవంతులో కంజర్‌కోట్, ఛాద్ బేట్ లాంటి మెరక చోట్లు ఉన్నాయి. బెబ్లర్ దాదాపు పూర్తిగా మన వాదననే సమర్థించాడు గానీ మెజారిటీ అటు వెళ్లింది.

ఇక్కడ పెద్ద గోల జరిగింది. కచ్ సత్యాగ్రహం అని ఉద్యమమే నడిచింది. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1969 జనవరిలో మగన్‌భాయి కేసులో కోర్టు తేల్చింది ఏమంటే, ఇది మన భూమిని ఇచ్చివేయడం కాదు, తేలని హద్దును తేల్చుకోవడం, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు అని. వకీళ్లకు ఈ తేడా ఇష్టమైన వంటకం. బెంగాల్‌లోని బేరుబారీలో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో 1960లో అదే కోర్టు సవరణ కావాలంది మరి.

ఇప్పుడు అసలు ముక్క. ఆ ట్రిబ్యునల్ ముందు సర్ క్రీక్ చర్చకే రాలేదు. క్రీక్ మొగ నుంచి తల దాకా, అక్కడి నుంచి తూర్పుగా పటంలోని నీలి చుక్కల గీత వెంబడి కొంత దూరం, హద్దు విషయంలో తమకు వివాదమే లేదని రెండు పక్షాలూ చెప్పాయి. కాబట్టి ట్రిబ్యునల్ దాన్ని పక్కన పెట్టి, ఆపైన తూర్పు భాగం మాత్రమే తేల్చింది. ఇవాళ మనం కొట్టుకుంటున్నది, ఆనాడు వివాదం లేదని ఇద్దరూ వదిలేసిన ముక్క కోసం.

జాలారి_బాబు · సోమవారం, ఉదయం 8.40

సర్, 1968లో లేని వివాదం తర్వాత ఎలా పుట్టింది?

లంగరు · సోమవారం, ఉదయం 10.22

నల్లకోటు గారు కోర్టులో ఉంటారు, నేను చెబుతాను. వివాదం క్రీక్‌లోంచి పుట్టలేదు, సముద్రంలోంచి పుట్టింది.

ఆ రోజుల్లో దేశానికి చెందిన సముద్రం అంటే ఒడ్డు నుంచి కొన్ని మైళ్లు. 1976లో మనమూ చట్టం చేశాం, వాళ్లూ చేశారు, 200 నాటికల్ మైళ్ల దాకా చేపా చమురూ మావి అని. 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం దాన్ని ప్రపంచమంతటికీ నియమం చేసింది. 200 నాటికల్ మైళ్లు అంటే 370 కిలోమీటర్లు. పక్కపక్క దేశాల మధ్య ఆ సముద్రాన్ని పంచాలంటే ఒడ్డు మీద ఒక మొదలు కావాలి. ఆ మొదలు ఇక్కడ క్రీక్ మొగ.

గాలిపటం ఎగరేసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దారం పట్టుకున్న చెయ్యి కొద్దిగా జరిగితే పైన పటం ఎంత జరుగుతుంది? లెక్క కోసం, మొదలు ఒక 5 కిలోమీటర్లు అటో ఇటో జరిగిందనుకోండి, గీత కోణం ఏమాత్రం మారలేదనుకోండి. ఐదు ఇంటూ 370, అంటే 1,850 చదరపు కిలోమీటర్ల సముద్రం చేతులు మారుతుంది. కోణం కూడా మారితే ఇంకా ఎక్కువ. బురద కోసం కాదు ఇదంతా.

పైగా క్రీక్ ఏళ్ల తరబడి పక్కకు జరుగుతూ వచ్చింది. 1914 పటంలో మొగ ఉన్నచోటే ఇవాళా ఉందని ఏ సర్వేయరూ సంతకం పెట్టడు. మన విశాఖలో పోటుకూ పాటుకూ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. కచ్ వైపు అలా కాదు, పాటుకు కిలోమీటర్ల కొద్దీ నేల బయటపడుతుంది. ఒడ్డు ఎక్కడ మొదలవుతుందో చెప్పడమే కష్టం.

కైలాసగిరి · సోమవారం, మధ్యాహ్నం 1.05

లంగరు గారు చెప్పినది ఒప్పుకుంటాను. అయితే మన వాదన బలమైనదే కదా? 1924లో నడిపాయలో స్తంభాలు పాతారు, 1925 పటంలో అవి ఉన్నాయి. అది చాలదా?

లంగరు · సోమవారం, మధ్యాహ్నం 1.50

బలమైనదే. నా అభిప్రాయం కూడా అదే. పాయ నడిమిని హద్దుగా తీసుకోవడం నదుల విషయంలో ప్రపంచమంతా చేసే పని. వాళ్ల జవాబేమిటంటే, ఆ సూత్రం పడవలు తిరిగే నదికే, ఇది పడవలు తిరిగేది కాదు అని. పోటు వేళ చేపల బోట్లు తిరుగుతూనే ఉన్నాయి కదా అని మనం అంటాం. బలమైన వాదన ఉండటం వేరు, అవతలివాడి చేత ఒప్పించడం వేరు. నా ఉద్యోగంలో కొలతలు ఎప్పుడూ తేలేవి, సంతకాలే తేలేవి కావు.

2007లో రెండు దేశాల సర్వే బృందాలు కలిసి ఆ క్రీక్‌ను కొలిచాయి. పటాలు మార్చుకున్నాయి. అంతకు ముందు నీలి చుక్కల గీత మీది స్తంభాలనూ కలిసే చూసుకున్నాయి. అంటే నీళ్లు ఎక్కడున్నాయో, లోతు ఎంతో, ఇద్దరికీ తెలుసు. 2012లో ఢిల్లీలో కూర్చున్నప్పుడు కూడా ఆ సమాచారం ముందే ఉంది. మనం సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి ఒడ్డు దగ్గరి దాకా గీసుకుంటూ వద్దాం అన్నాం. వాళ్లు ముందు క్రీక్ తేల్చాలి అన్నారు. లేచారు.

బీచ్‌రోడ్డు · సోమవారం, మధ్యాహ్నం 2.10

అన్నదమ్ములు ఇంటి గోడ ఎక్కడ కట్టాలో తేలక చెరువులో వల వేయడం మానేసినట్టుంది.

కైలాసగిరి · సోమవారం, మధ్యాహ్నం 2.25

మానలేదండీ, పక్కింటి పిల్లాణ్ణి పట్టుకుని గదిలో పెడుతున్నారు. 1971లో మన తీరానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ఏం చేశామో గుర్తు చేస్తే సరిపోతుంది.

నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 2.41

ఘాజీ వచ్చేసింది. విశాఖ చర్చల్లో ఏ విషయమైనా పదిహేనో సందేశానికి ఘాజీ దగ్గరికి చేరుతుంది, ఈసారి ఇంకా త్వరగా చేరింది. ఆర్కే బీచ్ స్మారకం ముందు నిలబడి మాట్లాడుకోవచ్చు, ఇక్కడ మాత్రం క్రీక్.

సోషల్_టీచరమ్మ · సోమవారం, సాయంత్రం 6.30

నిర్వాహకుడు గారూ, సగం నవ్వాను. అయినా కాల్పుల ప్రస్తావన పూర్తిగా అసందర్భం కాదు. 1999 ఆగస్టు 10న, కార్గిల్ ముగిసిన కొద్ది రోజులకే, పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను మన మిగ్-21 కూల్చింది ఆ ప్రాంతం మీదనే. 16 మంది చనిపోయారు. మా గగనతలంలోకి వచ్చిందని మనం, రాలేదని వాళ్లు. కింద నేల మీద హద్దే తేలనప్పుడు పైన ఆకాశంలో ఎక్కడ తేలుతుంది? పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళితే, ఈ కేసు వినే అధికారం మాకు లేదని 2000 జూన్‌లో ఆ కోర్టు చెప్పింది.

అడగాలనుకున్నది వేరే. బంగ్లాదేశ్‌తో మనకూ ఇలాంటి పేచీయే ఉండేది. మన బంగాళాఖాతంలోనే. అది తేలింది కదా, ఇది ఎందుకు తేలదు?

నల్లకోటు · సోమవారం, రాత్రి 8.55

మంచి పోలిక. అక్కడ తగాదా ఒక దిబ్బ కోసం. 1970 తుపాను తర్వాత హరియాభంగా నది మొగ దగ్గర తేలింది. మనం న్యూ మూర్ అన్నాం, వాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. ఇద్దరూ మాదే అన్నారు. ఆ దిబ్బ ఎవరి పక్షమూ వహించకుండా నీళ్లలో మునిగిపోయింది. సముద్ర హద్దు కోసం బంగ్లాదేశ్ మధ్యవర్తుల ట్రిబ్యునల్‌కు వెళ్లింది, మనం హాజరై వాదించాం. 2014 జులై 7న తీర్పు. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకు వచ్చాయి. మన ప్రభుత్వం ఒప్పుకుంది.

కైలాసగిరి · సోమవారం, రాత్రి 9.10

మూడు వంతులు పోగొట్టుకుని మంచి పోలిక అంటున్నారు! అందుకే మూడోవాడి దగ్గరికి వెళ్లకూడదు. 1968లో ఒకసారి చూశాం. 1972 సిమ్లా ఒప్పందంలో మన మధ్యనే తేల్చుకుందాం అని రాసుకున్నది ఇందుకే.

నల్లకోటు · సోమవారం, రాత్రి 9.32

మీరు చెప్పిన కారణం నిజమే, ఢిల్లీలో ఆలోచన దాదాపు అదే. దానితో నాకు పేచీ లేదు. అయితే బంగ్లాదేశ్ తీర్పు వచ్చిన మర్నాటి నుంచి అక్కడ హద్దు ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉందో అంకెల్లో ఉంది. పోగొట్టుకున్నామని మీరు అనేది మనం అడిగిన దాంట్లోంచి. అడిగిందంతా మనదేనని ఎవరు చెప్పారు?

కైలాసగిరి · సోమవారం, రాత్రి 9.40

వకీలు గారు అవతలి పక్షం వకాల్తా కూడా పుచ్చుకున్నట్టున్నారు.

నల్లకోటు · సోమవారం, రాత్రి 9.47

ఫీజు ఇస్తే ఎవరిదైనా పుచ్చుకుంటాను. ఇక్కడ ఉచితంగా రాస్తున్నాను.

బాబు అడిగినదానికి ఒక్క చట్టం మాట చెప్పి పడుకుంటాను. 1982 ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలకు అవతల, పరాయి బోటు వచ్చి చేపలు పడితే తీర దేశం పట్టుకోవచ్చు. తగిన పూచీకత్తు కడితే బోటునూ మనుషులనూ త్వరగా వదలాలి. జైలు శిక్ష వేయకూడదు, రెండు దేశాలూ వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఈ ఒప్పందాన్ని ఆమోదించాయి. 12 మైళ్ల లోపల మాత్రం ఈ రక్షణ వర్తించదు. ఆ 12 మైళ్లు ఎక్కడి నుంచి కొలవాలి? మళ్లీ క్రీక్ మొగ దగ్గరికే వచ్చాం.

పాత_తండేలు · మంగళవారం, ఉదయం 5.35

అందరికీ దండాలు. నాకు టైపు చేయడం రాదు, మా మనవరాలు రాస్తోంది. తప్పులుంటే ఆమెవి.

నేను పదమూడు సీజన్లు వేరావల్ బోట్లలో చేశాను. మొదట కళాసీగా, తర్వాత తండేలుగా. అక్కడ బోటు నడిపే పెద్దను తండేల్ అంటారు, ఆ పేరు మన ఊళ్లలోనూ ఉండిపోయింది. ఆగస్టులో అక్కడ వేట మొదలవుతుంది. మనవాళ్లు రైలెక్కి వెళ్లి, ఎండాకాలంలో తిరిగొస్తారు. ఇక్కడ మన దగ్గర వేట లేక కాదు. సొంత బోటు లేదు, అక్కడ నెల జీతం ఉంది, ముందే అడ్వాన్సు చేతిలో పెడతారు. ఆ అడ్వాన్సుతో ఇంటి పైకప్పో పిల్ల పెళ్లో అయిపోతుంది. ఇక సీజను మధ్యలో దిగిపోవడానికి వీలుండదు.

హద్దు ఎలా తెలుస్తుంది అని అడిగావు బాబూ. నీళ్ల మీద ఏమీ కనబడదు. జీపీఎస్ పెట్టెలో ఒక గీత కనబడుతుంది. మనవాళ్లు వేసుకున్న గీత అది. దానికి ఇవతలే వేట చేయకూడని పట్టీ ఒకటి ఉంది, అధికారులు హార్బరులో చెబుతారు. ఇదంతా మాకు తెలియదు అని నేను అబద్ధం చెప్పను. తెలిసీ దగ్గరికి వెళతాం. సింధు నది మొగలు, ఆ మడ అడవులు అటే ఉన్నాయి. చేప అక్కడ గుడ్లు పెడుతుంది, పెరుగుతుంది. ఇవతల రెండు రోజులు లాగితే వచ్చేది అక్కడ ఒక రాత్రి లాగితే వస్తుంది. ఇరవై రోజులకు పైగా సముద్రంలో ఉండి ఖాళీ ఐసు పెట్టెలతో వెళితే యజమాని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక యజమాని నాతో అన్నాడు, గీత చూసుకుంటే చేప దొరకదు, చేప చూసుకో అని. పట్టుబడితే మాత్రం తండేలు తప్పు.

తెలియకుండా వెళ్లడమూ ఉంది. రాత్రి వల లాగుతూ ఉంటాం, అందరి కళ్లూ వల మీద. పోటు నీరు ఒకసారి అటు లాగితే ఇంజిను ఆపిన బోటు ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఒకసారి మా ఇంజిను చెడిపోయి ఆరు గంటలు కొట్టుకుపోయాం. తెల్లారి జీపీఎస్ చూస్తే చేతులు వణికాయి. తోటి బోటు తాడు వేసి లాక్కొచ్చింది.

అటువైపు వాళ్ల బోట్లను కూడా చూశాను. కరాచీ, ఠట్టా వైపు వాళ్లు. పడవ ముందు భాగం వేరేగా ఉంటుంది గానీ మనుషులు మనలాంటివాళ్లే. వాళ్లు ఇవతలికి వచ్చి మన కోస్ట్‌గార్డుకూ బీఎస్ఎఫ్‌కూ దొరికి మన జైళ్లలో పడతారు. ఒకసారి మా దగ్గర మంచినీళ్లు అయిపోతే దూరం నుంచి డబ్బా ఊపాం, ఒక పడవవాళ్లు రెండు డబ్బాలు నీళ్లిచ్చి మాట్లాడకుండా వెళ్లిపోయారు. మేం వాళ్లకు బీడీ కట్టలు ఇచ్చాం.

కైలాసగిరి బాబుకు ఒక మాట. మన దేశం నెగ్గాలనే నేనూ అంటాను. నెగ్గేదాకా మా ఊరివాళ్లు ఏ గీత చూసుకుని వల వేయాలో అది కూడా చెప్పమంటాను.

కైలాసగిరి · మంగళవారం, ఉదయం 8.02

పెద్దాయనా, మీ మాట కాదనలేను. అయితే 2008లో ముంబై మీదికి వచ్చినవాళ్లు 'కుబేర్' అనే మన చేపల బోటునే పట్టుకుని వచ్చారు. పోర్‌బందర్ బోటు. మనవాళ్లను చంపి ఆ బోటు తెచ్చారు. అది జరిగాక ఆ నీళ్లలో ఏ బోటునైనా అనుమానంతోనే చూడాలి. నేను అనేది అంతే.

పాత_తండేలు · మంగళవారం, ఉదయం 8.30

చూడాలి బాబూ. ఆ బోటులో చనిపోయినవాళ్లూ వేటగాళ్లే. చూసి, వేటగాడని తేలాక వదలాలి. తేలడానికి ఒక్క పూట చాలు, చేతులు చూస్తే తెలుస్తుంది.

లంగరు · మంగళవారం, ఉదయం 9.15

తండేలు గారూ, మీ జీపీఎస్ పెట్టెలో ఉన్నది మనం మన లెక్క ప్రకారం వేసుకున్న గీత. అవతలి గస్తీ పడవలో ఇంకో గీత ఉంటుంది. రెంటి మధ్య ఉన్న నీళ్లలో మీరున్నా మన పటం ప్రకారం మీరు ఎక్కడికీ వెళ్లలేదు. బాబు అడిగిన ప్రశ్నకు పటాలవాడిగా నా జవాబు ఇది. దాటినవాళ్లూ ఉన్నారు, దాటనివాళ్లూ ఉన్నారు. ఎవరు ఏదో చెప్పడానికి ఇద్దరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు.

జాలారి_బాబు · మంగళవారం, మధ్యాహ్నం 12.20

అందరికీ చాలా కృతజ్ఞతలు. నల్లకోటు సర్, ఒక్కటి. జైల్లో ఉన్నారని ఇంటికి ఎలా తెలుస్తుంది? మా చిన్నాన్న సీజన్‌లో ఇళ్లవాళ్లకు మొదట ఫోన్లు కలవకపోవడమే తెలిసింది.

నల్లకోటు · మంగళవారం, మధ్యాహ్నం 1.40

2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మత్స్యకారుల పేర్లు అందులో విడిగా ఉంటాయి. యుద్ధ వాతావరణంలో కూడా ఈ జాబితాలు ఆగకుండా నడుస్తున్నాయి, అది మెచ్చుకోవలసిన విషయం. దౌత్య కార్యాలయం వాళ్లు మనిషిని చూసి మన పౌరుడేనని ధ్రువీకరించాలి, శిక్ష పూర్తయి పౌరసత్వం తేలాక నెల లోపు వదలాలి అని రాసుకున్నారు. ఆచరణలో పౌరసత్వం తేలడానికే నెలలు పడుతుంది. మన రాష్ట్రం నుంచి గుజరాత్ బోటెక్కినవాడికి చిక్కు ఇంకాస్త ఎక్కువ. బోటు కాగితాలు అక్కడివి, ఆధార్ ఇక్కడిది. అందుకే వెళ్లేముందు ఆధార్, మత్స్యకారుల గుర్తింపు కార్డు నకళ్లు ఇంట్లో ఒకటి, ఊరి సంఘం దగ్గర ఒకటి ఉంచాలి. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఫోన్లో ఫొటో తీసి ఇంటికి పంపాలి. అడ్వాన్సు ఇచ్చిన మనిషి పేరు కాదు, బోటు నంబరు కావాలి.

సోషల్_టీచరమ్మ · మంగళవారం, సాయంత్రం 5.50

ఇది ఫిషింగ్ హార్బర్ గోడ మీద రాయించవలసిన సందేశం. మా పాఠశాలలో జాలారిపేట పిల్లలు ఉన్నారు, రేపు వాళ్ల చేత ఇంటికి రాసి పంపిస్తాను.

జాలారి_బాబు · మంగళవారం, రాత్రి 9.30

ఈ చర్చంతా నానమ్మకు చదివి వినిపించాను. రెండు పేరాల సంగతి దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకుంది. "ఊళ్లో భూమి దస్తావేజు అలా రాస్తే కరణాన్ని బతకనిచ్చేవారా?" అంది. హద్దు దాటితే పట్టుకోరా అనే మాట మాత్రం మళ్లీ అనలేదు. చివర్లో ఇంకో ప్రశ్న అడిగింది, నాకు జవాబు తెలియలేదు. "మనుషుల్ని వదిలారు సరే, ఆ బోట్లు ఏమయ్యాయి?"

పాత_తండేలు · మంగళవారం, రాత్రి 10.04

బోట్లు రావడం అరుదమ్మా. అక్కడే ఒడ్డున కట్టి ఉంచుతారు. చెక్క ఎండకు పగిలి, నాచు పట్టి, కొన్నాళ్లకు తేలడానికి పనికిరాదు. యజమాని ఇంకో బోటు కట్టించుకుంటాడు, దానికీ మనుషులు కావాలి. నీ చిన్నాన్న ఈ ఆగస్టుకు వెళుతున్నాడా బాబూ?

జాలారి_బాబు · మంగళవారం, రాత్రి 10.11

అడ్వాన్సు తీసుకున్నారు బాబాయి గారూ. బోటు నంబరు రేపు అడిగి రాసుకుంటాను.